దారి లేని కొండల్లో నడక: విశాఖ నుంచి బయలుదేరేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో పెరిగినవాళ్ళకి కొండ కొత్త కాదు. సింహాచలం, మాధవధార, కైలాసగిరి, యారాడ కొండ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కే ఉంటారు. వంజంగి, లంబసింగి కూడా చూసేశాక కొంతమందికి ఇంకో కోరిక పుడుతుంది. జనం నడిచే దారి వదిలేసి, సంచి వీపున వేసుకుని అడవి కొండల్లో ఒకటి రెండు రోజులు తిరగాలని. చాలా ఏళ్ళుగా నేను అలా తిరుగుతున్నాను. నాతో వచ్చినవాళ్ళు, రావాలనుకున్నవాళ్ళు అడిగిన ప్రశ్నలివి. జవాబులు మన తూర్పు కనుమలకి సంబంధించినవి. హిమాలయాలకి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే సలహాల్లో చాలావరకు ఇక్కడ పనిచేయవు.

దారి లేని నడక అంటే అసలు ఏమిటి?

గుర్తులు, మెట్లు, బోర్డులు ఏవీ లేని చోట నేల చూసుకుంటూ, పటం చూసుకుంటూ మన దారి మనమే ఎంచుకుని నడవడం. అయితే మన కొండల్లో పూర్తిగా దారి లేని చోటంటూ చాలా తక్కువ. పశువులు తొక్కిన జాడ ఉంటుంది. కట్టెలకి, విస్తళ్ళు కుట్టే అడ్డాకులకి వెళ్ళే ఆడవాళ్ళ కాలిబాట ఉంటుంది. ఈ ఊరి నుంచి ఆ ఊరి సంతకి అడ్డంగా కొండ దాటే తోవ ఉంటుంది. అవి పటంలో ఉండవు, ఫోన్‌లోనూ కనబడవు. సగం దూరం తుప్పల్లో, సగం ఇలాంటి బాటల మీద సాగుతుంది మన నడక. ఏది మనుషుల బాటో, ఏది మేకల బాటో పోల్చుకోవడం మొదట నేర్చుకోవాల్సిన పని. మేకల బాట నడుము ఎత్తు కొమ్మల కింద నుంచి దూరిపోతుంది. మనుషుల బాటలో తల తగిలే ఎత్తున కొమ్మలు కత్తితో నరికిన గుర్తులుంటాయి.

ఎక్కడ పడితే అక్కడ అడవిలోకి వెళ్ళొచ్చా? అనుమతి కావాలా?

వెళ్ళకూడదు. అనుమతి కావాలి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

నగరం పక్కనే ఉన్న కంబాలకొండ 2002లో వన్యప్రాణి అభయారణ్యం అయింది. సుమారు 70 చదరపు కిలోమీటర్లు, అందులో చిరుతలున్నాయి. అక్కడ టికెట్ తీసుకుని, వాళ్ళు చూపించిన దారుల్లోనే నడవాలి. ఆ దారి వదిలి లోపలికి వెళ్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రిజర్వ్ ఫారెస్టుల్లో అనుమతి లేకుండా దూరడం కూడా తప్పే. ఆ అడవి ఏ డివిజన్‌లోకి వస్తుందో కనుక్కుని, అక్కడి అటవీ అధికారికి ఎన్నిరోజులు, ఎంతమంది, ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. కొన్నిసార్లు కాదంటారు. కాదంటే మానుకోవాలి.

అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఇంకో సంగతి ఉంది. 2022లో జిల్లాలు విడదీశాక అవి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. అది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఉన్న ఆదివాసీ ప్రాంతం, మనం ఏజెన్సీ అనేది ఇదే. అడవి కాని నేల అక్కడ ఎవరో ఒకరి పోడు, కాఫీ తోట, పశువుల మేత. ఖాళీగా కనబడిందని ఖాళీ అనుకోకండి. ఊరి పెద్దని అడిగి, సరే అంటేనే అడుగు పెట్టాలి.

మొదటిసారి ఎక్కడ మొదలుపెడితే మంచిది?

తెలిసిన కొండ మీద, పగటిపూట, సంచి లేకుండా. అనంతగిరి, అరకు మధ్య ఊళ్ళ చుట్టూ కాఫీ తోటలున్న కొండలు నేర్చుకోవడానికి బావుంటాయి. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉంటాయి కాబట్టి ఎటు తప్పినా ఏదో ఒకటి తగులుతుంది. ఊళ్ళో ఒకరిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు ముందు నడవడం కాదు, మీరు ముందు నడవండి, తప్పితే వాళ్ళు చెప్తారు. నాలుగైదు సార్లు ఇలా చేస్తే పుస్తకాలు చదివి నేర్చుకోలేనిది కాళ్ళకి వచ్చేస్తుంది. అరకు వైపు 1,600 మీటర్లు దాటిన గాలికొండ, పాడేరు వైపు అర్మకొండ లాంటివి ఆ తర్వాతి సంగతి.

ఏ నెలల్లో వెళ్ళాలి?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మొదట్లో వలిసెల పూలు పసుపచ్చగా విరగబూసి ఉంటాయి, గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నీళ్ళు తగ్గి దాటడం తేలికవుతుంది, ఎండ మండదు. చలి మాత్రం తక్కువ అంచనా వేయకండి. సముద్రం పక్క నుంచి వచ్చిన మనకి లంబసింగి వైపు తెల్లవారుజాము చలి ఎముకల్లోకి దిగుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేను దారి వదలను. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం వైపు ఒక కన్ను వేసి ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కొండల మీద చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాయుగుండం అన్న మాట వినబడితే నడక వాయిదా వేయడమే. మార్చి, ఏప్రిల్‌లో ఎండు ఆకులు, పోడు మంటలు ఉంటాయి. చైత్రంలో ఏజెన్సీ ఊళ్ళలో ఇటుకల పండుగ వస్తుంది. అప్పుడు మగవాళ్ళు గుంపులుగా వేటకి అడవిలోకి వెళ్ళే ఆచారం ఉంది. ఆ రోజుల్లో తుప్పల్లో కదిలే మనిషి మనిషిలా కనబడకపోవచ్చు. పండుగ చూడాలనిపిస్తే ఊరికి వెళ్ళండి, అడవికి వద్దు.

గంటకి ఎంత దూరం నడవగలం?

మంచి బాట మీద గంటకి 4, 5 కిలోమీటర్లు నడిచేవాళ్ళు కూడా లాంటానా తుప్పల్లో పడ్డాక గంటకి ఒక కిలోమీటరు దాటరు. వెదురు పడిపోయి అల్లుకున్న చోట అర కిలోమీటరు కూడా కష్టమే. కొండలెక్కేవాళ్ళు వాడే పాత లెక్క ఒకటి ఉంది: 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ లెక్క బాట ఉన్న చోటికి. మన దగ్గర దానికి రెండింతలు వేసుకోండి, తుప్పలుంటే మూడింతలు.

ఇంకో లెక్క వెలుతురుది. మనది తూర్పు తీరం, పొద్దు తొందరగా కుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం 5.30 ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. లోయలో, చెట్ల కింద 4.30కే మసక పడిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం 1 గంటకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగడం నా పద్ధతి. శిఖరం ఇంకో ఇరవై నిమిషాలే అనిపించినా సరే.

ఫోన్‌లో జీపీఎస్ ఉండగా పటం, దిక్సూచి ఎందుకు?

ఫోన్ మంచిదే, నేనూ వాడతాను. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కాకపోతే మ్యాప్ ముందే దింపుకోవాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే బ్యాటరీ నిలుస్తుంది. కానీ లోతైన లోయలో, దట్టమైన చెట్ల కింద మనం ఉన్న చోటు చూపించే చుక్క పక్క కొండ మీదికి ఎగిరిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఫోన్ నీళ్ళలో పడొచ్చు, బండ మీద పడి పగలొచ్చు.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు, ఒకే ఎత్తున్న చోట్లని కలిపే ఎత్తు గీతల్లో ఒక్కోదానికి 20 మీటర్ల తేడా. పాత నంబర్ల ప్రకారం విశాఖ నగరం 65ఓ వరుస పటాల్లో, అరకు, పాడేరు 65జె లో, లంబసింగి వైపు 65కె లో వస్తాయి. గీతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే నిట్టనిలువు. దూరంగా ఉంటే నడవగలిగిన వాలు. కానీ 20 మీటర్ల తేడా అంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. 15 మీటర్ల బండ, అంటే అయిదంతస్తుల మేడంత, రెండు గీతల మధ్య దాక్కుని పటంలో అసలు కనబడకుండా ఉండగలదు. మన కొండల్లో ప్రమాదాలు అక్కడే ఉన్నాయి.

దిక్సూచి విషయంలో మనం అదృష్టవంతులం. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా ఇక్కడ చాలా తక్కువ, సవరణ అక్కర్లేదు. కత్తి, ఫోన్ మాత్రం దాని దగ్గర పెట్టకండి.

దారి తప్పితే నీళ్ళ వెంట కిందికి దిగితే ఊరు వస్తుంది కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, అందరూ నమ్మేది కూడా ఇదే. చిన్నప్పుడు మనకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: అడవిలో తప్పిపోతే ఏరు పట్టుకుని నడువు, ఊరు తగులుతుంది అని. మైదానంలో అది నిజం. మన కొండల్లో గెడ్డ పట్టుకుని దిగడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

కారణం కొండ కట్టులోనే ఉంది. అరకు, పాడేరు పక్క నేల 900 మీటర్ల పైన ఉన్న పీఠభూమి. దాని అంచు నుంచి మైదానానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నేల ఒక్కసారిగా పడిపోతుంది. గెడ్డలు ఆ పడిపోయే చోటునే దూకుతాయి. కటికి జలపాతం పేరు అందరికీ తెలుసు. అలాంటివి పేరు లేనివి ఎన్నో. పైనుంచి దిగేవాడికి జలపాతం కనబడదు, ముందు చప్పుడు వినబడుతుంది, తర్వాత ఆకాశం కనబడుతుంది. అప్పటికి రెండు పక్కలా గోడల్లాంటి ఒడ్డు, కాళ్ళ కింద పాచి పట్టిన బండ.

నాకు ఇది ఒకసారి జరిగింది. అనంతగిరి దిగువన, జనవరిలో, ముగ్గురం. పటం చూస్తే గెడ్డ నేరుగా ఊళ్ళోకే దిగుతోంది. రెండు చిన్న బండలు జారి దిగాం, అవి మళ్ళీ ఎక్కలేనివని దిగాక తెలిసింది. మూడోది తాటిచెట్టుకి రెండింతల లోతు. వెనక్కి ఎక్కలేం, ముందుకి దిగలేం. పొద్దు వాలిపోయింది. ఆ రాత్రి ఒక బండ చాటున, తడిసిన సాక్సులతో, ముగ్గురం ఒకే దుప్పటి కింద కూర్చున్నాం. పైన వాన పడితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. పొద్దున్నే అడ్డాకుల కోసం వచ్చిన ఒకావిడ పై నుంచి మా మాటలు విని ఆగింది. ఒడ్డు మీద మేం చూడని ఒక పగులు చూపించింది, వేళ్ళు పట్టుకుని ఎక్కాం. బాట ఎక్కడుందమ్మా అని అడిగితే చెయ్యి పైకి చూపించింది. మేం నిన్నంతా దిగిన గెడ్డకి సమాంతరంగా, కొండ వెన్ను మీద, చక్కని బాట. మా తలల పైన 80 మీటర్లలోపే ఉంది. అప్పటి నుంచి నేను మనసులో పెట్టుకున్న నియమం: మళ్ళీ ఎక్కలేని చోట దిగను.

మరి తప్పిపోతే ఎటు వెళ్ళాలి?

పైకి. దగ్గరలో ఉన్న కొండ వెన్ను మీదికి. మన ఊళ్ళ మధ్య పాత బాటలు ఎక్కువగా వెన్ను మీద, కనుమల గుండా పోతాయి. ఎందుకంటే అక్కడ తుప్పలు తక్కువ, గెడ్డలు దాటక్కర్లేదు. పైనుంచి ఊరు, రోడ్డు, పొగ కనబడతాయి. ఫోన్ సిగ్నల్ వచ్చే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

ఇంకో కిటుకు ఉంది. ఎక్కేటప్పుడు కొండ వెన్నులన్నీ ఒక్కటిగా కలుస్తాయి, కాబట్టి తప్పడం కష్టం. దిగేటప్పుడు అవే చీలిపోతాయి. ఒక్క పది మీటర్లు పక్కకి జరిగితే కింద మీరు చేరే లోయ వేరే. అందుకే ఎక్కేటప్పుడే ప్రతి చీలిక దగ్గర వెనక్కి తిరిగి చూసి, ఫోటో తీసుకోండి. దిగేటప్పుడు కొండ వేరే మొహంతో కనబడుతుంది.

తప్పిపోయాం అని అర్థమైన క్షణంలో ఏం చేయాలి?

కూర్చోవాలి. నీళ్ళు తాగాలి, ఏదో ఒకటి తినాలి. పది నిమిషాల దాకా లేవకూడదు. టెన్షన్‌లో మనిషి వేగంగా నడుస్తాడు, వేగంగా నడిచినకొద్దీ ఇంకా తప్పుతాడు. తర్వాత ఆఖరిసారి ఖాయంగా తెలిసిన చోటు ఏదో ఆలోచించి అక్కడికి వెనక్కి వెళ్ళాలి. చీకటి పడుతుంటే వెళ్ళనక్కర్లేదు, అక్కడే రాత్రి గడపాలి. మన అడవిలో ఒక రాత్రి కూర్చుంటే చలేస్తుంది, దోమలు కుడతాయి, అంతే. చీకట్లో నడిస్తే కాలు విరుగుతుంది. ఈల మెడలో ఉండాలి, మూడు సార్లు ఊది ఆగాలి, మళ్ళీ మూడు సార్లు. కాల్ వెళ్ళని చోట కూడా మెసేజ్ ఒక్కోసారి వెళ్తుంది. అత్యవసర నంబరు 112కి ప్రయత్నించండి.

శాటిలైట్ ఫోన్ తీసుకెళ్ళొచ్చా?

వద్దు. మన దేశంలో టెలికం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసేజ్ పరికరాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిచ్చినవి కూడా ఇందులోకే వస్తాయి.

ఎలాంటి బూట్లు, బట్టలు?

ఖరీదైన తోలు బూట్లు ఇక్కడ తడిసి ఆరవు. రబ్బరు అడుగు, లోతైన పళ్ళు ఉన్న కాన్వాసు బూట్లు చాలు, చీలమండ కప్పేలా ఉండాలి. మన తూర్పు కనుమల్లో ఎక్కువ ఖోండలైట్ రాయి. కోంధు ఆదివాసుల పేరు మీద వచ్చిన పేరు అది. చూడటానికి గట్టిగా ఉంటుంది గాని వాతావరణానికి మెత్తబడి, పట్టుకుంటే పెళ్ళలుగా ఊడి చేతిలోకి వస్తుంది. అది కరిగిన ఎర్రమట్టి తడిస్తే సబ్బులా జారుతుంది. చేతికర్ర ఒకటి తప్పనిసరి.

ఫుల్ చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, పాదాల పైన సాక్సుల్లోకి దోపుకోవాలి. జీన్స్ వద్దు, తడిస్తే మోయలేరు. దురదగొండి కాయలు ఎండే చలికాలంలో మెడకి ఒక తువ్వాలు చుట్టుకోండి. దాని నూగు ఒంటి మీద పడితే గోకకూడదు, నీళ్ళు పోసి రుద్దకూడదు. ముందు టేపు అంటించి లాగండి, లేదా పొడి మట్టి, బూడిద చల్లి దులపండి.

సంచి ఎంత బరువు ఉండొచ్చు? ఏం తినాలి?

ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. తుప్పల్లో దూరాలి కాబట్టి సంచి పక్కలకి ఏదీ వేలాడకూడదు, అన్నీ లోపలే.

తిండికి ప్యాకెట్ల మీద డబ్బు తగలేయకండి. మొదటి రోజుకి పులిహోర. తర్వాత అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, పల్లీ ఉండలు, ఆవకాయ. పొద్దున్నే చోడిపిండి (రాగిపిండి) అంబలి కాచుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు, దాహమూ తీరుతుంది. ఘాట్ రోడ్డు కింద మాడుగుల మీదుగా పాడేరు వెళ్తుంటే హల్వా ఒక పావుకిలో కొనుక్కోండి. నెయ్యి, గోధుమ పాలు, జీడిపప్పు కలిసిన ఆ ముద్ద జేబులో పట్టేంత, కానీ సాయంత్రం కాళ్ళు కదలనప్పుడు రెండు ముక్కలు తింటే తేడా తెలుస్తుంది.

నీళ్ళు దొరుకుతాయా? అలాగే తాగొచ్చా?

చలికాలంలో దొరుకుతాయి, ఎక్కడ వెతకాలో తెలిస్తే. గాలికొండ, రక్తకొండ లాంటి కొండల నెత్తిన బాక్సైట్ పొర ఉంది. అది గుల్లగా ఉండి వాన నీటిని పీల్చుకుని, ఏడాదంతా మెల్లగా కిందికి వదులుతుంది. అందుకే నెత్తి మీద చదునుగా, గడ్డి మాత్రమే ఉండి పొడిగా కనబడినా, కాస్త కిందికి దిగితే ఊట తగులుతుంది. ఆ కొండలు తవ్వొద్దని అక్కడి ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడింది ఈ నీళ్ళ కోసం కూడా. ఒకసారి మే నెలలో ఆ ఊట దగ్గర దోసిలి పట్టినవాళ్ళకి వాళ్ళ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఊట నీళ్ళైనా మరగబెట్టండి లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. ఊరికి దిగువన ఉన్న గెడ్డ నీళ్ళు మరగబెట్టకుండా అసలు తాగొద్దు.

రాత్రి ఎక్కడ పడుకోవాలి?

గెడ్డ పక్కన ఇసుక మెత్తగా, చదునుగా ఉండి పిలుస్తుంది. అక్కడ వద్దు. పైన ఎక్కడో వాన పడితే మీ దగ్గర చుక్క పడకుండానే నీళ్ళు వచ్చేస్తాయి. నీటి నుంచి ఎత్తులో, కనీసం ఇరవై అడుగులు పైన. ఎండిన చెట్టు కింద, బాట మీద వద్దు. బాట మీద రాత్రిపూట జంతువులు కూడా నడుస్తాయి.

చదును నేల దొరకని మన వాలుల్లో టెంటు కంటే దోమతెర ఉన్న ఊయల మేలు. నేల మీద పాకేవాటి భయం కూడా తగ్గుతుంది. ఊరు దగ్గరుంటే ఇవేవీ వద్దు, ఊళ్ళో అడిగి బడి వరండాలో పడుకోండి.

మంట గురించి కూడా ఇక్కడే చెప్తాను: వేయకండి. చిన్న గ్యాస్ పొయ్యి చాలు. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. అంతకన్నా పెద్ద విషయం, జనవరి తర్వాత ఆ ఆకులు అంటుకుంటే ఆర్పడం మీ వల్ల కాదు.

పాము కరిస్తే?

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర మన దగ్గర ఉన్నాయి. మన దేశంలో దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. అనకాపల్లి, మాడుగుల పక్క కొండల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) కూడా ఉంది. దానికి ఈ మందు పనిచేయదు. కాకపోతే అది మనిషిని చూస్తే తప్పుకునేదే. చూడగానే ఆగి, మెల్లగా వెనక్కి నడిస్తే చాలు.

కరిచాక గట్టిగా కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. కాలిని కర్ర కట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపాలి. దుప్పటి, రెండు కర్రలతో డోలీ కట్టడం అందరూ ముందే నేర్చుకోవాలి. ఏజెన్సీ ఊళ్ళవాళ్ళకి అది బాగా తెలిసిన పని, అడిగితే వెంటనే వస్తారు. 108కి చెప్పి, పాడేరు, అరకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏది దగ్గరైతే అక్కడికి. అక్కడి నుంచి అవసరమైతే విశాఖ కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి). పామును చంపి పట్టుకెళ్ళాల్సిన పని లేదు.

బండ మీద చెయ్యి వేసేముందు చూడండి. పడిన చెట్టు దాటేటప్పుడు ముందు దాని మీద నిలబడి, అవతల చూసి దిగండి. ఈ రెండూ పాటిస్తే పై పేరా మొత్తం మీకు అవసరం పడకపోవచ్చు.

ఎలుగుబంట్లు, చిరుతల సంగతి?

చిరుత మిమ్మల్ని చూస్తుంది, మీరు దాన్ని చూడరు. ఎలుగుబంటి అలా కాదు. దానికి చూపు తక్కువ, పుట్ట తవ్వుతూ మైమరచి ఉంటుంది, మీరు దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. ఇప్పపూలు రాలే వేసవి మొదట్లో, పొద్దున్నే, సాయంత్రం మరీ జాగ్రత్త. మాట్లాడుకుంటూ, కర్ర తాటిస్తూ నడవండి. పాటలు పెట్టుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

నాకు వీటికన్నా భయం కొండ తేనెటీగలంటే. బండ చరియల కింద పెద్ద పట్టులు వేలాడుతుంటాయి. వాటి కింద అరవడం, పొగ, ఘాటు సెంటు ఏవీ కూడదు. లేచాయంటే సంచి వదిలేసి, మొహం కప్పుకుని, తుప్పల్లోంచి దూరం పరుగెత్తడమే.

ఇంకోటి ఎవరూ చెప్పరు. పొలాల అంచున అడవిపందుల కోసం కరెంటు తీగలు, ఉచ్చులు, నాటు బాంబులు పెడతారు. చట్టవిరుద్ధమే, అయినా పెడతారు. అందుకే చీకటిపడ్డాక పొలం గట్టు అసలు దాటకండి. నేల మీద పిండిముద్దలా, ఉండలా ఏది కనబడినా తాకకండి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే?

డాక్టరుకి మొదటి మాటగా ఏజెన్సీలో అడవికి వెళ్ళొచ్చానని చెప్పండి. మలేరియా అక్కడ ఇంకా ఉంది, వెళ్ళొచ్చిన రెండు వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. తుప్పల్లో ఉండే సన్నటి నల్లుల్లాంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంక, నడుము, గజ్జలు వెతుక్కోండి. తొందరగా పట్టుకుంటే మామూలు మందులకే తగ్గుతుంది. వైరల్ అనుకుని వారం గడిపేయడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటికి రాగానే బట్టలన్నీ వేడినీళ్ళలో వేసి, తలారా స్నానం చేయండి.

ఊళ్ళవాళ్ళని దారి ఎలా అడగాలి?

“ఇది ఫలానా ఊరి దారేనా?” అని అడక్కండి. మర్యాదకి ఔనంటారు. “ఈ దారి ఎక్కడికి వెళ్తుంది?” అని అడగండి. దూరం అడిగితే “ఇక్కడే” అంటారు. వాళ్ళ ఇక్కడే మనకి రెండు గంటలు. సంతకి బరువు మోసుకుని వెళ్ళి పొద్దుగూకేసరికి తిరిగొచ్చే కాళ్ళు అవి. అరకు వైపు చాలామంది ఇళ్ళలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, తెలుగు కూడా వస్తుంది, కాస్త నిదానంగా మాట్లాడితే చాలు. వయసులో పెద్దవాళ్ళని అమ్మా, అయ్యా అని పిలవండి. ఏకవచనం వద్దు.

వెంట వచ్చినవారికి రోజు కూలి పూర్తిగా ఇవ్వండి, తిండి కూడా మీదే. ఊరి దేవతల చెట్లు, రాళ్ళు ఉన్న చోట ఆగి అడగండి. ఫోటోలు అడక్కుండా తీయకండి.

పోలీసులు ఆపుతారా?

ఆపొచ్చు. ఒడిశా సరిహద్దు దగ్గర కొత్త మొహాలు, పెద్ద సంచులు కనబడితే అడుగుతారు. ఆధార్, అనుమతి కాగితం పైన ఉంచుకుని, ఎక్కడి నుంచి ఎక్కడికో సూటిగా చెప్పండి. నడుస్తూ నడుస్తూ గంజాయి తోట తగిలితే ఫోటో తీయకండి, ఆగకండి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోండి. డ్రోన్లు ఇంట్లో వదిలి రండి.

ఒంటరిగా వెళ్ళొచ్చా? ఆడవాళ్ళు వెళ్ళొచ్చా?

ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు, మగైనా ఆడైనా. నలుగురు సరైన లెక్క. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉంటారు, ఇద్దరు సాయానికి వెళ్తారు. ఆడవాళ్ళు తప్పకుండా రావచ్చు. నాతో వచ్చినవాళ్ళలో నేలని బాగా చదివేవాళ్ళు, తొందరపడకుండా వెనక్కి తిరుగుదాం అని ముందు అనేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే.

మలవిసర్జన, చెత్త?

నీటికి 70 అంగల దూరంలో, జానెడు లోతు గొయ్యి తీసి, పూడ్చాలి. ప్లాస్టిక్, ప్యాడ్లు, తడి టిష్యూలు మూట కట్టి వెనక్కి తేవాలి. వంజంగి కొండ చెత్తతో ఎలా ఉందో చూసినవాళ్ళకి ఎందుకో తెలుసు.

ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పి వెళ్ళాలి?

“కొండకి వెళ్తున్నాం, వచ్చేస్తాం” అని చెప్తే చాలదు. ఒక కాగితం మీద రాయండి: ఎవరెవరు, ఏ ఊళ్ళో బండి ఆపుతున్నారు, ఏ కొండ, ఏ పక్క నుంచి ఎక్కి ఏ పక్కకి దిగుతున్నారు, రాత్రి ఎక్కడ, ఆ ఊళ్ళో తెలిసినవారి ఫోన్ నంబరు. కింద ఒక టైము రాయండి. ఆదివారం రాత్రి 9 లోపు ఫోన్ రాకపోతే 112కి చెప్పి ఈ కాగితం చదవమని. ఆ టైముకి ముందు కంగారు పడొద్దని, ఆ టైము దాటాక ఆగొద్దని కూడా చెప్పండి. రోడ్డెక్కి సిగ్నల్ రాగానే, టీ తాగకముందే, ఆ ఫోన్ చేయండి.